గజ్జల్లో హెర్నియా: రోబోనా, ల్యాప్రోస్కోపీనా?

హెర్నియా (పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి భాగం బయటికి ఉబ్బడం) ఆపరేషన్‌కి రోబో అనగానే యంత్రమే ఆపరేషన్ చేసేస్తుందని చాలామంది భయపడతారు. కాదు, సర్జనే కన్సోల్ (రోబోని నడిపే బల్ల) దగ్గర కూర్చుని దాని చేతుల్ని నడిపిస్తారు. రోబో అయినా, ల్యాప్రోస్కోపీ (కెమెరాతో చూస్తూ సర్జన్ పనిముట్లను నేరుగా చేత్తో పట్టుకుని చేసేది) అయినా చిన్న రంధ్రాలే, పూర్తి మత్తే, లోపల పెట్టేదీ మెష్షే (బలహీనపడిన చోట వేసే వల). తేడా పనిముట్లలో ఉంది. ల్యాప్రోస్కోపీవి నిటారు కడ్డీల్లా ఉంటాయి. రోబోవి మణికట్టులా తిరుగుతాయి కాబట్టి లోపల కుట్లు వేయడం తేలిక. పొట్ట గోడలో వచ్చే క్లిష్టమైన హెర్నియాలకు ఆ వెసులుబాటు పనికొస్తుంది.

మామూలు గజ్జల హెర్నియాకి మాత్రం నా ఓటు ల్యాప్రోస్కోపీకే. అమెరికాలో 102 మందితో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో రోబోకి సుమారు 75 నిమిషాలు, ల్యాప్రోస్కోపీకి 40 నిమిషాలు పట్టింది. ఖర్చూ రోబోకే ఎక్కువ. నెల తర్వాత చూస్తే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డాక్టర్‌గారిని ముందు అడగాల్సింది యంత్రం గురించి కాదు, ఈ పద్ధతిలో ఆయన ఎన్ని ఆపరేషన్లు చేశారని.