తీరం వెంబడి సులువైన సైకిల్ యాత్ర అని అమ్ముతున్నారు: ఇటలీ లిగూరియాకు వెళ్లబోయేవారికి హెచ్చరిక

ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియాకు సైకిల్ యాత్ర ప్యాకేజీ కొనాలనుకుంటున్న తెలుగువారు, ముఖ్యంగా ఇక్కడి ఏజెన్సీకి మొత్తం సొమ్ము ముందే చెల్లించబోయేవారు, కాస్త ఆగి ఇది చదవవలసిందిగా మనవి. నేనూ నా భార్యా గత అక్టోబరులో అటువంటి ప్యాకేజీ మీద వెళ్లి వచ్చాము. హోటళ్లు, అద్దె సైకిళ్లు, ఒక ఊరి నుంచి మరో ఊరికి సామాను చేరవేత, ఫోనులో చూసుకునే దారి పటం, అన్నీ కలిపి ఒకే ధరకు హైదరాబాదులోని ఒక ఏజెన్సీ మాకు అమ్మింది. అక్కడి ఏర్పాట్లు మాత్రం ఒక స్థానిక సంస్థ చేసింది. మా ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున ఇద్దరి పేర్లూ రాయడం లేదు. పేర్లు తెలియకపోయినా, ఈ అమ్మకపు తీరును మాత్రం ఎవరైనా గుర్తుపట్టవచ్చు.

మొదట చూడవలసినది కరపత్రంలోని బొమ్మ. మాకు చూపిన దాంట్లో సముద్రాన్ని ఆనుకుని, ఎక్కడా ఎత్తుపల్లాలు లేని తారు దారి ఉంది. ఆ దారి నిజంగానే ఉంది. సాన్‌రెమో నుంచి సాన్ లొరెంజో అల్ మారె వరకు సుమారు 24 కిలోమీటర్ల పొడవున, 2001లో రైలు మార్గాన్ని లోపలికి మార్చిన తరువాత పాత పట్టాల స్థానంలో వేసిన సైకిల్ దారి అది. అయితే అది లిగూరియా ముఖ్య నగరమైన జెనోవాకు పడమటి తీరంలో ఉంది. మాకు అమ్మిన యాత్ర తూర్పు తీరంలోనిది, అంటే జెనోవా నుంచి సెస్త్రి లెవాంతె, లెవాంతో, చింక్వె తెర్రె అనే ఐదు తీర గ్రామాల మీదుగా లా స్పెజియాకు. రెండింటికీ మధ్య నూరు కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. మేము శారీరకంగా సరిపోతామా అని అడిగితే, అవుటర్ రింగు రోడ్డు పక్కనున్న సోలార్ కప్పు సైకిల్ దారిని తొక్కగలిగేవారికి ఇది ఏమాత్రం కష్టం కాదని ఏజెన్సీ ప్రతినిధి రాతపూర్వకంగానే సమాధానమిచ్చారు.

తూర్పు తీరం స్వభావం వేరు. అక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. వాగు కలిసే ప్రతిచోటా ఒక ఊరు ఉంటుంది, ఊరికీ ఊరికీ మధ్య ఒక కొండ అడ్డంగా ఉంటుంది. రైలు ఆ కొండ లోపలి నుంచి పోతుంది, సైకిలు కొండ మీద నుంచి పోవాలి. సెస్త్రి లెవాంతె నుంచి లెవాంతోకు కరపత్రంలో నలభై కిలోమీటర్ల లోపు దూరం మాత్రమే వేసి, ఎక్కుడు ఎంతో వేయలేదు. ఆ దారి పాత ఆవురేలియా రోడ్డు మీదుగా, సముద్ర మట్టం నుంచి 615 మీటర్ల ఎత్తునున్న బ్రాకో కనుమకు ఎక్కి, మళ్లీ సముద్ర మట్టానికి దిగుతుంది. మరునాడు ఉదయం మళ్లీ సున్నా నుంచి ఎక్కాలి. మనవారు వారాంతాల్లో ఎక్కే అనంతగిరి గుట్టలతో దీనికి పోలికే లేదు. తీరం వెంటే మోనేల్యా మీదుగా పోయే దారి ఒకటి పటంలో కనిపిస్తుంది కానీ, అది పాత రైలు సొరంగాల గుండా ఒకే వరుసలో, వేళలు కట్టి ఒకసారి అటు ఒకసారి ఇటు వాహనాలను వదిలే దారి. సైకిలుతో దూరవలసిన చోటు కాదు.

బ్రాకో వాలు మరీ నిటారు కాదని, నిడివే ఎక్కువని న్యాయంగా చెప్పాలి. అసలు కష్టం తీర గ్రామాల నుంచి పై రోడ్డుకు వచ్చే వంకర దారుల్లో ఉంది. అక్కడ నూటికి పది దాటే వాలు తరచుగా వస్తుంది. ఇటువంటి చోట సైకిలు రంగూ బ్రాండూ కాదు, గేర్లు చూడాలి. మాకిచ్చిన సైకిళ్లలో గొలుసు తిరిగే పళ్ల చక్రాల్లో, ముందు పెడళ్ల దగ్గరి చిన్నదానికి 34 పళ్లు, వెనుక ఉన్న పెద్దదానికి 28 పళ్లు ఉన్నాయి. అంటే అత్యంత తేలిక గేరులో కూడా పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిలు సుమారు రెండున్నర మీటర్లు ముందుకు పోవాలి. పోటీల్లో తొక్కేవారికి అది సరిపోతుంది. సంచులు కట్టుకుని తొక్కే మామూలు మనిషికి ముందు 26, వెనుక 34 పళ్ల వంటి అమరిక కావాలి, అప్పుడు ఒక చుట్టుకు సుమారు 1.6 మీటర్లే పడుతుంది. ఆ తేడా మోకాళ్లకు తెలుస్తుంది. ఒప్పందంలో ‘పర్వత ప్రాంతానికి అనువైన టూరింగ్ సైకిలు’ అని ఉందని గుర్తు చేస్తే, స్థానిక సంస్థవారు రోజుకింత అదనంగా చెల్లించి బ్యాటరీ సైకిలు తీసుకోమన్నారు. నా అంచనాలో ఇదే అసలు వ్యాపారం: చదును దారి అని తక్కువ ధరకు అమ్మడం, కొండ కింద నిలబెట్టి మిగతాది వసూలు చేయడం. ఇక ఒక సైకిలు వెనుక బ్రేక్ ప్యాడ్లు దాదాపు లోహం దాకా అరిగిపోయి ఉన్నాయి. ఆరువందల మీటర్లు దిగవలసిన దారికి అటువంటి సైకిలును ఇవ్వడం నిర్లక్ష్యమే.

వారిచ్చిన దారి పటం ఒకచోట మమ్మల్ని ద్రాక్ష తోటల మధ్య రాతి మెట్లున్న కాలిబాట మీదికి తీసుకుపోయింది. నడిచేవారి కోసం గీసిన పటాన్నే సైకిలు యాత్రకు అంటగట్టారన్నది స్పష్టం. సామాను విషయంలోనూ ఇదే తంతు. చింక్వె తెర్రె గ్రామాల్లోకి కార్లను దాదాపుగా రానివ్వరు. వెర్నాత్సాలో మా పెట్టెలను ఊరికి పైన వాహనాలు ఆగే చోట వదిలేసి, హోటలుకు చేర్చినట్లు సందేశం పంపారు. అత్యవసర నంబరు అని ఇచ్చినది హైదరాబాదు కార్యాలయం నంబరు. అది సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు. ఆ కాలంలో ఇటలీ మనకన్నా మూడున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, అక్కడ మధ్యాహ్నం మూడు దాటితే ఫోనెత్తేవారుండరు. సైకిలు యాత్రలో ఇబ్బందులన్నీ మూడు తరువాతే వస్తాయి!

అక్టోబరును ‘ఉత్తమ కాలం’ అని అమ్మడం గురించి కూడా ఒక మాట. ఎండ తగ్గే మాట నిజమే గానీ, లిగూరియాలో కుండపోత వానలకు పేరుపడ్డ కాలం శరదృతువే. 2011 అక్టోబరు 25న వచ్చిన వరదలో మోంతెరోస్సో, వెర్నాత్సా గ్రామాలు బురదలో కూరుకుపోయాయి. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వాతావరణ హెచ్చరికలు వస్తాయి, కొండచరియలు పడి రోడ్లు మూసేస్తారు. అటువంటి రోజున మీ సొమ్ము ఏమవుతుందో ముందే రాయించుకోండి. మా ఒప్పందంలో వాతావరణం కారణంగా పైసా కూడా తిరిగి ఇచ్చేది లేదని చిన్న అక్షరాల్లో ఉంది.

సైకిళ్లు తిరిగి అప్పగించినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మేము స్వదేశం చేరిన తరువాత ఫ్రేము మీద గీతలున్నాయంటూ కార్డు మీద నిలిపి ఉంచిన డిపాజిట్‌లోంచి కోత వేశారు. తీసుకునేటప్పుడే నా భార్య ఫోటోలు తీసి ఉంచడం వల్ల బ్యాంకులో అభ్యంతరం నమోదు చేయగలిగాము. షెంజెన్ వీసా కోసం తీసుకునే 30,000 యూరోల బీమా వైద్యానికి సంబంధించినది, అద్దె సైకిలు నష్టాన్ని అది భరిస్తుందని అనుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది బిల్లు మీద అమ్మకందారుగా ఎవరి పేరుందన్నది. యూరోపులోని నిర్వాహకుడి నుంచి నేరుగా కొంటే, 2018 జూలై నుంచి అమలులో ఉన్న యూరోపియన్ యూనియన్ ప్యాకేజీ ప్రయాణాల నిబంధనల ప్రకారం, ప్యాకేజీలోని సేవలన్నిటికీ అతడే బాధ్యుడు. మా బిల్లులో మాత్రం ఏజెన్సీ తాను ‘బుకింగ్ సహాయం’ మాత్రమే చేసినట్లు రాసుకుంది. దాంతో ఇక్కడివారు అక్కడివారిని, అక్కడివారు ఇక్కడివారిని చూపిస్తున్నారు. అటువంటి మాట బిల్లులో కనిపిస్తే సొమ్ము కట్టవద్దు. ఇప్పటికే మోసపోయినవారు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు.

ఇప్పటికే చెల్లించి, త్వరలో బయలుదేరుతున్నవారు ప్రతి రోజుకూ మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లో, గేర్ల పళ్లు ఎన్నో మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. జవాబు రాకపోతే సెస్త్రి లెవాంతె నుంచి లెవాంతోకు ప్రాంతీయ రైలు ఎక్కండి. వేళల పట్టికలో సైకిలు గుర్తున్న రైళ్లలో సైకిలుకు విడిగా టికెట్ తీసుకోవచ్చు, ప్రయాణం సుమారు అరగంట. లెవాంతోలో దిగాక బొనస్సోలా మీదుగా ఫ్రామురా వరకు పాత రైలు సొరంగాల్లోంచి సైకిళ్ల కోసమే వేసిన ఐదారు కిలోమీటర్ల చదును దారి ఉంది. మా కరపత్రంలో దాని ప్రస్తావనే లేదు.