లేని గ్రంథిని గీసిన సాఫ్ట్‌వేర్: మూడేళ్లు వాడాక

క్యాన్సర్ పేషెంటుకు రేడియేషన్ ఎక్కడ, ఎంత పడాలో ముందే లెక్కేసుకోవడాన్ని ప్లానింగ్ అంటాం. అందులో సాయపడే మెషీన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ మా ఆసుపత్రికి వచ్చి మూడేళ్లయింది. నేను ఆ లెక్కలు చూసే ఫిజిసిస్టును. గుట్కా, ఖైనీ పుణ్యమా అని మాకు నోటి క్యాన్సర్ కేసులకు కొరత లేదు. కంపెనీ పేరు చెప్పను, కింద కాస్త తిట్టబోతున్నాను కాబట్టి.

మొదట మెప్పు. తల కదలకుండా మాస్క్ వేసి తీసిన సీటీలో 3 మిల్లీమీటర్లకో స్లైస్, అంటే అడ్డకోత బొమ్మ, ఉంటుంది. వెన్నుపాము, దవడ, కళ్లు, లాలాజల గ్రంథులు... రేడియేషన్ నుంచి కాపాడాల్సినవన్నీ స్లైస్ తర్వాత స్లైస్ మౌస్‌తో గీయాలి. ఒక్క కేసుకు రెండు మూడు గంటలు పట్టేది. ఇప్పుడు టీ తాగి వచ్చేసరికి గీతలు సిద్ధం, సరిదిద్దడానికి అరగంట. "కరెంటు (రేడియేషన్‌ని పేషెంట్లు అలాగే అంటారు) ఎప్పుడు పెడతారు సార్" అని అడిగితే పై వారం అనేవాళ్లం, ఇప్పుడు ఎల్లుండి అంటున్నాం.

ఇక తిట్లు. ఎడమ దవడ తీసేసి ఛాతీ కండతో పూడ్చిన పేషెంటు. ఆ పక్క దవడ కింది లాలాజల గ్రంథి ఆపరేషన్‌లోనే పోయింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ కండలో నున్నగా, గుండ్రంగా ఓ గ్రంథిని గీసిపెట్టింది. లేని గ్రంథిని కాపాడబోతే, 60 గ్రే (రేడియేషన్ డోసు కొలత) పడాల్సిన చోటే డోసు తగ్గుతుంది. మా డాక్టరమ్మ ఆపరేషన్ నోట్స్ పక్కన పెట్టుకుని చూస్తారు కాబట్టి దొరికింది. మనిషి చేత్తో గీసిన తప్పు వంకరగా ఉండి కంటికి తగులుతుంది. దీని తప్పు కూడా ఒప్పంత అందంగా ఉంటుంది, అదే భయం. కంటి నరాలు కలిసే చోటు సీటీలో సరిగా కనబడదు, దాన్ని ఎమ్మారై పెట్టుకుని ఇప్పటికీ మేమే గీస్తాం.

ఈ సాఫ్ట్‌వేర్‌లోనే ఏ అవయవానికి ఎంత డోసు పడుతుందో అంచనా వేసే భాగం ఉంది, అది మా పాత ప్లాన్లు చూసే నేర్చుకుంది. మొదట్లో చెవి ముందుండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథికి సగటున 26 గ్రే లోపు తేగలిగే కేసుల్లోనూ 30 దగ్గరే ఆగిపోయేది. తిట్టుకున్నాం. తీరా చూస్తే, హడావిడిలో మేం అలా వదిలేసిన ప్లాన్లే దానికి పాఠాలు. వాటిని మళ్లీ చేసి, కొత్తగా నేర్పించాక దారికొచ్చింది. ఆ గ్రంథి ఎండిపోతే ముద్ద ముద్దకీ నీళ్లు తాగితే గానీ అన్నం దిగదు, అందుకే ఆ నాలుగు గ్రేల కోసం అంత పాకులాట.

కొనేవాళ్లు డెమోకి ఆపరేషన్ అయిన కేసులే ఇవ్వండి, కంపెనీవాళ్లు తెచ్చినవి వద్దు. కిందటేడు ఓ అప్‌డేట్ తర్వాత మెదడు కాండం ఎక్కడ ఆగి వెన్నుపాము ఎక్కడ మొదలవుతుందో ఆ హద్దు చెప్పాపెట్టకుండా జరిగిపోయింది. అప్పట్నుంచి పది పాత కేసులు విడిగా దాచుకున్నాం. ప్రతి అప్‌డేట్‌కీ ముందు వాటినే నడిపిస్తాం.