లీనియా టీ-జెట్‌లో వాల్‌బ్రో 255 పంపు: రెండేళ్ళు దాటాక నా మాట

ట్యాంక్‌లోంచి ఇంజన్‌కి పెట్రోల్ తోసే ఫ్యూయెల్ పంపు తీసి వాల్‌బ్రో వేస్తే పవర్ పెరుగుతాదా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పీస్తున్నాను, పెరగదు. పెరిగిన పవర్‌కి సరిపడా పెట్రోల్ అందుతాది, అంతే.

నాది ఫియట్ లీనియా టీ-జెట్, 1.4 టర్బో, కంపెనీ లెక్క 114 పీఎస్. టర్బో కాస్త పెద్దది వేసి ఇంజెక్టర్లు మార్చి రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించాక కింద బాగానే లాగేది గానీ ఐదు వేల ఆర్‌పీఎం దాటితే వైడ్‌బ్యాండ్ మీటర్లో 11.8 దగ్గర ఉండాల్సిన ఏఎఫ్ఆర్ (ఒక వంతు పెట్రోల్‌కి ఎన్ని వంతుల గాలి అన్న లెక్క) 13 దాటిపోయేది, రైల్ అంటే ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం, దానికి ప్రెజర్ గేజ్ పెడితే అదీ అక్కడే పడిపోతోంది. ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని గట్టిగా తోసేటప్పుడు, అలా లీన్ అయితే (పెట్రోల్ తగ్గితే) నాకింగ్ వచ్చి, అంటే లోపల పెట్రోల్ అదుపు లేకుండా పేలి, పిస్టన్లకే ఎసరు.

ఏటంటే, మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాల్లో) బూస్ట్ ఒక బార్ పెరిగితే ఇంజెక్టర్ మూతి దగ్గర ఆ గాలి ఎదురు తోస్తాది, కాబట్టి రైల్‌లో 3 బార్ ఉన్నది 4 చెయ్యాలి. ప్రెజర్ పెరిగేకొద్దీ ఏ పంపైనా తక్కువే తోస్తాది. అంటే పెట్రోల్ ఎక్కువ కావాల్సిన టైమ్‌కే పంపు చేతులెత్తీస్తాది అన్నమాట. వాల్‌బ్రో పేరులో 255 అంటే గంటకి 255 లీటర్లు, అదీ 40 పీఎస్‌ఐ చుట్టుపక్కల, ఓల్టేజ్ పూర్తిగా అందితేనే.

ఆ ఓల్టేజ్ గురించి ఎవరూ చెప్పరు. వెనక సీటు ఎత్తి కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 14 ఉన్నది అక్కడికొచ్చేసరికి 12 కూడా లేదు. బ్యాటరీ నుంచి లావు వైరు, ఫ్యూజు, రిలే వేయించాను, పాత పంపు వైరుని రిలేకి సిగ్నల్‌గా వాడాం, ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగాలి కదా మరి. విజయనగరంలో మా ఎలక్ట్రీషియన్ "ఇంత వైరేటి బాబూ, లారీకా" అని ఒకటే నవ్వు. నన్నడిగితే సగం లాభం ఆ వైరుదే.

ఇంకోటి, ట్యాంక్ లోపలి గొట్టం. మామూలు పెట్రోల్ పైపు లోపలి వైపు తట్టుకుంటాది గానీ బయట కూడా పెట్రోల్‌లో నానితే ఉబ్బి పగులుతాది. పైపు మీద ఎస్ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉన్నదే కావాలి, మూరెడు ముక్కే అయినా రేటు ఎక్కువే, బేరం ఆడకండి.

వాడకంలో ఎలగుందంటే, ఏఎఫ్ఆర్ ఇప్పుడు పైదాకా కదలదు, ఐడిల్‌లో రైల్ ప్రెజర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కి ఇబ్బంది లేదు. మైలేజీలో నాకు తేడా తెలీలేదు. సౌండ్ మాత్రం ఉంది, కీ తిప్పగానే వెనక నుంచి సన్నగా కుయ్‌య్ మంటాది, ఏసీ, పాటలు ఉంటే వినపడదు, ఇంట్లోవాళ్ళు మాత్రం మొదట్లో రోజూ అడిగేవారు. సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ ఎండాకాలంలో ఫుల్ లోడుతో ఎక్కాను, ఎక్కడా దగ్గలేదు. ట్యాంక్ పావు కన్నా కిందకి దించను, పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక ఇంకో సంగతి, అదే పవర్‌కి పెట్రోల్ కాస్త ఎక్కువ పోయాలి, పాత పంపే ఉంటే ఇంకా ముందే పడిపోయేది.

నాకు చిరాకు తెప్పించింది ట్యాంక్ మూత కింద రబ్బరు రింగు. ఒకసారి విప్పితే ఉబ్బిపోయి మళ్ళీ గాడిలో కూర్చోదు, ఫియట్ పార్ట్ అంటే దొరకదు, సరిగ్గా పట్టకపోతే కారంతా పెట్రోల్ వాసన. విప్పే ముందే కొత్తది తెచ్చుకోండి. వాల్‌బ్రో నకిలీలు కూడా తెగ తిరుగుతున్నాయి, రేటు మరీ తక్కువుంటే వదిలీండి.

ఉత్త రీమ్యాప్ బండికి ఇది అక్కర్లేదు, ముందు రైల్ ప్రెజర్ చూసుకోండి, అది నిలబడితే డబ్బులు టైర్లకి పెట్టుకోండి. పోలో టీఎస్‌ఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే కొట్టే) బళ్ళకైతే ఇంజన్ మీద హై ప్రెజర్ పంపు వేరే ఉంటాది, ట్యాంక్‌లోది ఒక్కటీ మార్చి ఏమీ లాభం ఉండకపోవచ్చు, మీకు రీమ్యాప్ చేసే ట్యూనర్ చేత రెండు పంపుల ప్రెజర్ లాగులూ (బండి నడుస్తుండగా తీసే రికార్డులు) తీయించాకే కొనండి.