కొత్తగా నల్లపూత పూసిన ఛాసిస్‌ను నమ్మి పాత ల్యాండ్ రోవర్ కొనకండి: మోసపోయినవాడి హెచ్చరిక

నిన్న సాయంత్రం జాకీ తల ఛాసిస్ లోపలికి, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రంలోకి, దిగిపోయినప్పుడు వచ్చిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఎండిన చెరకు పిప్పిని కాలితో తొక్కినట్టు కరకరమని వినిపించింది, ఆ వెంటనే బండి వెనుక భాగం మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. గట్టి ఇనుము అలాంటి చప్పుడు చేయదు. నేను మోసపోయానని ఆ క్షణంలోనే అర్థమైంది. నాకు ఈ బండి అమ్మిన మనిషికే మరొకరు బయానా ఇచ్చేలోపు తెలియాలని, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల కోసం వెతికేవారిలో చాలామందికి ఆయన తెలిసే ఉంటాడు. పేరు రాయడం లేదు గానీ ప్రకటన తీరు చెబుతాను: పైన దుమ్ము పట్టిన పాత బండి, దాని అడుగున మాత్రం నిన్నగాక మొన్న వేసినట్టు మెరిసే దట్టమైన నల్లపూత, పక్కన "ఛాసిస్ పటిష్ఠంగా ఉంది, పైపని మాత్రమే మిగిలింది, కొత్తగా నేర్చుకునేవారికి అనువైనది" అనే మాట. నేను కొత్తగా నేర్చుకుంటున్నవాణ్ణే. వెల్డింగ్ కూడా రెండు నెలలుగా పాత రేకు ముక్కల మీద సాధన చేస్తూ నేర్చుకుంటున్నాను. ఎన్నాళ్లుగానో కోరుకున్న ల్యాండ్ రోవర్ సిరీస్ 3 కనిపించేసరికి వెళ్లి చూశాను, మూడు వారాల క్రితం కొన్నాను. బేరసారాల సంగతి ఇక్కడ అనవసరం.

ఈ బండి గురించి తెలియనివారికి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు మోసపోయేది ముఖ్యంగా అక్కడే. 1948లో మొదటి ల్యాండ్ రోవర్ వచ్చినప్పుడు యుద్ధానంతరపు ఉక్కు కొరత వల్ల బాడీ రేకులను చాలావరకు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. 1971 నుంచి 1985 వరకు తయారైన సిరీస్ 3లోనూ అదే పద్ధతి కొనసాగింది. అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టదు కాబట్టి దశాబ్దాలు గడిచినా బాడీ చూడడానికి బాగానే ఉంటుంది, చూసేవాడికి బండి మొత్తం బాగుందనే భ్రమ కలుగుతుంది. కానీ ఆ బాడీని మోసే నిచ్చెన ఆకారపు ఛాసిస్ మాత్రం ఉక్కుది. పలుచని ఉక్కు రేకులను పెట్టె ఆకారంలో అతికి చేసిన బోలు దూలాలే దానికి ఆధారం. బురద, నీళ్లు ఆ దూలాల లోపల చేరి, నీళ్లు కారిపోవలసిన రంధ్రాలు మట్టితో మూసుకుపోతే, తుప్పు లోపలి నుంచి బయటికి తినుకుంటూ వస్తుంది. బయటి రంగు నిగనిగలాడుతున్నా దాని వెనుక లోహం అసలు మిగిలి ఉండకపోవచ్చు.

ఇదంతా చదివి తెలుసుకునే వెళ్లాను, నన్ను ఎక్కువగా బాధిస్తున్నది కూడా అదే. చిన్న సుత్తి, టార్చి, మెత్తని గుడ్డలో చుట్టిన అయస్కాంతం సంచిలో పెట్టుకుని మరీ వెళ్లాను. బండి కింద వెల్లకిలా పడుకుని, కుదుపులు తట్టుకునే వెనుక కమాన్ పట్టీలు ఛాసిస్‌కు బిగించే చోట సుత్తితో తట్టబోయాను. ఆయన వంగి నా మణికట్టు పట్టుకున్నాడు. "తమ్ముడూ, పూత ఇంకా పూర్తిగా ఆరలేదు. సుత్తి తగిలి పెచ్చు లేచిందంటే మళ్లీ అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. నా సొంత తమ్ముడికి ఇచ్చినట్టు ఇస్తున్నాను, ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాడు. నేను సుత్తిని సంచిలో పెట్టేశాను. వయసులో పెద్దవాడు, అంత ఆప్యాయంగా మాట్లాడుతున్నవాడు, ఆయన ముందే ఆయన మాటను పరీక్షించడం మర్యాద కాదని సిగ్గుపడ్డాను. ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఈ రోజు ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఆ సిగ్గుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

నిన్న వెనుక బ్రేకులు విప్పుదామని ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, కుడివైపు దూలం కింద జాకీ పెట్టి ఎత్తడం మొదలుపెట్టాను. చక్రం నేలను వదలకముందే జాకీ తల పైకి వెళ్లిపోయింది, కాస్త లేచిన బండి మళ్లీ కిందికి ఒరిగింది. చక్రాలు ఇంకా విప్పలేదు, నేను బండి కిందికి దూరలేదు, అందువల్ల ప్రాణాపాయం తప్పింది. జాకీ దించి చూస్తే, నల్లపూత పట్టిన పుట్టీ పెంకు ఒకటి అరచేయంత ముక్కగా ఊడి కింద పడి ఉంది. దాని వెనుక పసుపుపచ్చని నురగ కనిపించింది. గోడల్లో సందులు మూయడానికి డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే నురగ ఉంటుంది కదా, అదే. దూలం లోపల దాన్ని నింపి, ఉబ్బినదాన్ని కత్తితో చదునుగా కోసి, పైన సన్నని తీగవల వేసి, దాని మీద పుట్టీ రాసి రుద్ది, ఆపైన తారులాంటి పూత దట్టంగా పూశారు.

వైర్ బ్రష్ బిగించిన గ్రైండర్‌తో రాత్రి పదకొండు గంటల వరకు మిగతా పూత తీస్తూ కూర్చున్నాను. వెనుక క్రాస్ మెంబర్‌కు, అంటే రెండు దూలాలను కలిపే అడ్డ దూలానికి, వేసిన ఉక్కు పట్టీ నాలుగు మూలల్లో చిన్న వెల్డింగ్ చుక్కలతో నిలబడి ఉంది, ఆ చుక్కలు కూడా తుప్పు పొరల మీదే పెట్టారు. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, లోపల పెరిగిన తుప్పు ఆ పట్టీని అప్పటికే బయటికి నెడుతోంది. చేత్తో లాగితే వచ్చేసింది. ఛాసిస్ పక్కగా వెళ్లే బ్రేకు గొట్టం మీద కూడా అదే పూత పూశారు. దాని కింద గొట్టం గుంటలు పడి తడిగా ఉంది. ఇది తెలియనివాడు తెలియక చేసిన పని కాదు. నురగను అంత చక్కగా కోసి, పుట్టీని అంత నున్నగా రుద్దిన చేతులకు, తాము ఏం దాచిపెడుతున్నామో బాగా తెలుసు.

ఈ ఉదయం ఫోన్ చేశాను. "చెప్పు తమ్ముడూ" అంటూనే ఎత్తాడు. జరిగింది చెప్పడం మొదలుపెట్టగానే "పాత బండికి తుప్పు ఉండదా? మీరు చూసుకునే కదా కొన్నారు?" అన్నాడు. తమ్ముడు అన్న పిలుపు అక్కడితో ఆగిపోయింది. తుప్పు సంగతి కాదు, లోపల నురగ ఎవరు నింపారు అని అడిగాను. తనకు తెలియదన్నాడు. పూత మీరే దగ్గరుండి వేయించానని చెప్పారు కదా అన్నాను. కాసేపు మాట లేదు. ఆ తర్వాత గొంతు పెంచి, "పని చేతకాక విరగ్గొట్టుకుని నా మీదకు తోస్తున్నారా? చేతకానివాళ్లకు ఇలాంటి బండ్లు ఎందుకు?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఫోన్ కలవడం లేదు. కొత్తగా నేర్చుకునేవారికి అనువైనదని రాసి, నా అనుభవలేమిని చూసే నాకు అమ్మి, చివరికి ఆ అనుభవలేమినే నా నేరంగా చూపించాడు. పోయిన డబ్బు కంటే ఆ మాటే ఎక్కువగా గుచ్చుకుంది.

దీని తర్వాత కనిపించినది మరొకటి ఉంది. మొదటిరోజు ఆయనే పంపిన ఫొటోలను ఈ మధ్యాహ్నం ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూశాను. వెనుక కమాన్ పట్టీని చూపించడానికి తీసిన ఒక ఫొటోలో, మూలన, ఇంకా పూత పూయని దూలం కనిపిస్తోంది. అందులో సరిగ్గా నా జాకీ దిగిన చోటే పిడికిలి దూరేంత రంధ్రం ఉంది. పూతకు ముందు తీసిన ఆ ఫొటో పొరపాటున మిగతావాటితో కలిసి వచ్చి ఉంటుంది. మూడు వారాలుగా అది నా ఫోన్‌లోనే ఉంది. తలుపుల రేకులు, హెడ్‌లైట్లు చూసి మురిసిపోతూ ఆ ఫొటోను ఎన్నిసార్లు దాటవేశానో నాకే తెలియదు.

ఇప్పుడు నా ముందు ఉన్నవి రెండు దారులు. గట్టి లోహం కనిపించేవరకు కుళ్లినదంతా కోసేసి కొత్త రేకులు అతకడం ఒకటి. నాకున్న వెల్డింగ్ అనుభవంతో బండి బరువు మోసే అతుకులు వేసే సాహసం నేను చేయను. జింకు పూతతో దొరికే కొత్త ఛాసిస్ తెచ్చి, బాడీ, ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్స్ అన్నీ దాని మీదికి మార్చడం రెండోది. అప్పుడు పాత ఛాసిస్ మీద చెక్కిన నంబరు విషయం రిజిస్ట్రేషన్ అధికారులతో ముందే తేల్చుకోవాలి. ఏది ఎంచుకున్నా, ఈ బండిని ఇలాగే మరొకరికి అంటగట్టి చేతులు దులుపుకోవడం మాత్రం నా వల్ల కాదు.

కొనబోయేవారికి చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. తాజా నల్లపూత కనిపిస్తే దాన్ని మంచి గుర్తుగా కాక హెచ్చరికగా తీసుకోండి. సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టండి. గట్టి లోహం ఖంగుమంటుంది, కుళ్లినదీ పుట్టీ పెట్టినదీ మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతాన్ని బాడీ మీద కాదు, ఛాసిస్ మీద జరుపుతూ పోండి; పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టు వదిలేస్తుంది. ఫోన్‌కు తగిలించే సన్నని గొట్టం కెమెరాను నీళ్లు కారే రంధ్రాల గుండా లోపలికి పంపి చూడండి. వెనుక క్రాస్ మెంబర్, కమాన్ పట్టీల బిగింపులు, బాడీని పట్టుకునే పక్క చేతులు, బల్క్‌హెడ్ (ఇంజిన్‌కూ కూర్చునే చోటుకూ మధ్య ఉండే అడ్డుగోడ) కింద కాళ్లు పెట్టే చోటు, వీటిని అసలు వదలవద్దు. ఎవరైనా మీ చేయి పట్టుకుని ఆపితే, ఎంత ఆప్యాయంగా పిలిచినా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పూత తీయకముందు, తీసిన తర్వాత తీసిన ఫొటోలు, ఆయనే పంపిన ఆ ఫొటో నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇదే తరహా ప్రకటన చూసి బేరంలో ఉన్నవారు అడిగితే ఈ రాత్రికే పంపిస్తాను.