కోలిబ్రీ: నెట్ లేని స్టడీ సెంటర్లో ఏళ్ల తరబడి నడిపాక

అమెరికాలోని శాన్ డియాగోలో లెర్నింగ్ ఈక్వాలిటీ అని లాభాపేక్ష లేని సంస్థ ఒకటుంది. అక్కడి కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థులు 2012లో ఖాన్ అకాడమీ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల సైటు పాఠాలను ఇంటర్నెట్ లేకుండా చూపించే కేఏ లైట్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. ఆ పనే పెరిగి పెద్దదై ఇప్పటి కోలిబ్రీ అయింది. డబ్బు కట్టనక్కర్లేదు, ప్రకటనలు రావు, కోడ్ ఎవరైనా చూడొచ్చు. పాఠాలన్నీ ఒక్క కంప్యూటర్లో ఉంటాయి. పిల్లల ట్యాబులూ ఫోన్లూ వైఫై మీద ఆ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. బయటి నెట్ కావాల్సింది పాఠాలు దించుకునేటప్పుడు మాత్రమే.

ఆన్‌లైన్ కోచింగ్ కొనలేని ఇళ్ల పిల్లలు సాయంత్రం వచ్చి కూర్చునే సెంటర్లలో దీన్ని చాలాకాలంగా నడుపుతున్నాం. ఐదు నుంచి ఎనిమిదో తరగతి దాకా లెక్కలకు ఇంతకంటే మంచిది మాకు దొరకలేదు. ఇంకా చిన్న తరగతుల తెలుగు మీడియం పిల్లలకు మాత్రం ఉన్న సరుకు చాలదు, మనం చేర్చుకోవాలి. పెట్టి వదిలేస్తే నెలలోపే వీడియోలు చూసే పెట్టెగా మారిపోతుంది. రోజూ కోచ్ ట్యాబ్ (కోలిబ్రీలో టీచరు పిల్లల పని చూసుకునే పేజీ) తెరిచి చూసే మనిషి ఒకరుండాలి.

ముందు కంప్యూటర్ సంగతి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు చవక అని చాలామంది దానితో మొదలుపెడతారు. నడుస్తుంది కానీ మన కరెంటుతో రెండు చిక్కులున్నాయి. నడుస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డు మీది డేటాబేస్ దెబ్బతినొచ్చు. రెండోది చాలామంది గమనించరు. రాస్ప్‌బెర్రీ పై 4 దాకా ఆ బోర్డుల్లో గడియారం ఉండదు, నెట్ నుంచి టైమ్ తెచ్చుకుంటాయి. నెట్ లేని చోట ఆపి మళ్లీ వేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, దాంతో ఏ పిల్ల ఎప్పుడు ఏం చేసిందన్న రిపోర్టులన్నీ కలగాపులగం అవుతాయి. డీఎస్3231 గడియారం మాడ్యూల్, దానికో నాణెం బ్యాటరీ పెడితే ఆ గొడవ తీరుతుంది. రాస్ప్‌బెర్రీ పై 5లో గడియారం ఉంది కానీ బ్యాటరీ విడిగా కొనాలి. ఆ బోర్డు సొంత వైఫై మీద పదిమందికి మించి ఎక్కించాలని చూడకండి, విడి రౌటర్ పెట్టండి.

మా సలహా అడిగితే పాత ల్యాప్‌టాప్ మేలు. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ ఉంటే ఒక తరగతికి సరిపోతుంది. బ్యాటరీ బాగుంటే అదే యూపీఎస్. రౌటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి తగిలిస్తే కరెంటు పోయినా క్లాసు ఆగదు. విండోస్ అయితే మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ అడిగే అనుమతి తప్పకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ల్యాప్‌టాప్‌లో బాగానే తెరుచుకుంటుంది, పిల్లల ట్యాబుల్లో తెరుచుకోదు. స్లీప్ కూడా పూర్తిగా ఆపేయాలి. మూత మూసినా నిద్రపోకూడదు.

కొత్త సెంటర్లో మొదటి వారం వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ 'పేజీ రావట్లేదు' అన్నదే. తప్పు సాధారణంగా కోలిబ్రీది కాదు. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని కనిపెట్టి ఆండ్రాయిడ్ ఫోన్ గుట్టుగా మొబైల్ డేటాకి మారిపోతుంది. డేటా ఆపేయాలి, లేదా 'కనెక్ట్ అయ్యే ఉండు' అని ఎంచుకోవాలి. బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ పెట్టి వెతికినా దొరకదు కాబట్టి ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ అడ్రసు (ఐపీ) ముందు హెచ్‌టీటీపీ అని, చివర 8080 పోర్టుతో సహా పూర్తిగా కొట్టాలి. ఒకసారి కొట్టి బుక్‌మార్క్ చేసి హోమ్ స్క్రీన్ మీద పెట్టేయండి. అయితే రౌటర్ రేపు ల్యాప్‌టాప్‌కు ఇంకో ఐపీ ఇస్తే ఆ బుక్‌మార్కులన్నీ వృథా. రౌటర్ సెట్టింగుల్లో ఆ ల్యాప్‌టాప్‌కు ఒకే ఐపీ శాశ్వతంగా కేటాయించండి. ఏపీ ఐసొలేషన్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే పరికరాలు ఒకదానికొకటి కనబడవు, అదీ చూసుకోండి.

పాఠాలు ఛానెళ్లుగా ఉంటాయి. మనకు పనికొచ్చేది ఖాన్ అకాడమీ ఇంగ్లిష్‌లో సీబీఎస్ఈ సిలబస్‌కు సర్దిన ఛానెల్. అమెరికా సిలబస్ ఛానెల్ దించుకుంటే డాలర్లు, అడుగులు, అక్కడి చిల్లర నాణేల లెక్కల దగ్గర పిల్లలు అనవసరంగా ఆగిపోతారు. ఛానెల్ మొత్తం దించనక్కర్లేదు. కావలసిన అధ్యాయాలు టిక్ పెట్టుకుంటుంటే ఎంత జాగా పడుతుందో కిందే చూపిస్తుంది. నెట్ బాగున్న చోట ఒకసారి దించి, డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి మిగతా సెంటర్లకు పట్టుకెళ్లొచ్చు. డ్రైవ్‌లో కోలిబ్రీ డేటా అనే ఫోల్డర్ తయారవుతుంది. దాన్ని ఇంకో ఫోల్డర్‌లో సర్దకుండా డ్రైవ్ మొదట్లోనే ఉంచాలి, లేకపోతే అవతలి కంప్యూటర్‌కు కనబడదు. అభ్యాసాల ఫైళ్లు వేలల్లో చిన్నచిన్నవి కావడంతో మామూలు పెన్‌డ్రైవ్ మీద కాపీ గంటలు పడుతుంది. చిన్న ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొనుక్కోవడం మంచిది.

ఇక అసలు బలం కోచ్ ట్యాబ్‌లో ఉంది. తరగతి సృష్టించి, పిల్లల్ని చేర్చి, వీడియో, అభ్యాసం కలిపి పాఠంగా కూర్చి ఇవ్వాలి. పాఠం పక్కన 'కనిపించాలి' అనే మీట ఆన్ చేయకపోతే పిల్లలకు ఏమీ రాదు, ఇది అందరూ మరిచిపోయేదే. క్విజ్ కూడా అంతే, తయారుచేయగానే మొదలవదు. కోచ్ మొదలుపెట్టాలి, కోచే ముగించాలి.

క్విజ్ అయ్యాక రిపోర్టుల్లో కష్టమైన ప్రశ్నల జాబితా చూడండి. ఎక్కువమంది తప్పిన ప్రశ్న మీద నొక్కితే పిల్లల పేర్లు వస్తాయి. పేరు మీద నొక్కితే ఆ పిల్ల కొట్టిన జవాబు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. 1/2 + 1/3 అన్నచోట 2/5 కొట్టిన పిల్ల లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడేస్తోంది. దానికి కూడిక మళ్లీ చెప్పి లాభం లేదు, హారం అంటే ఏమిటో చెప్పాలి. 1/6 కొట్టిన పిల్లవాడు కూడికకు బదులు తీసివేశాడేమో, లేదా గుణించేశాడేమో. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. ఇద్దరికీ మార్కు సున్నాయే, చెప్పాల్సింది మాత్రం వేర్వేరు. ముప్పై నోట్సులు దిద్దితే గానీ తెలియని సంగతి ఇక్కడ కొద్ది నిమిషాల్లో తేలుతుంది. ఇదొక్కటి చాలు, మేం దీన్ని వదలకపోవడానికి.

అభ్యాసాల్లో వరసగా ఇన్ని, లేదా చివరి ఇన్నింటిలో ఇన్ని ఒప్పయితేనే పూర్తయినట్టు లెక్క. మొదటి ప్రయత్నంలో తప్పితే, తర్వాత సరిచేసుకున్నా ఆ ప్రశ్న తప్పుగానే నమోదవుతుంది. సూచన నొక్కినా గుర్తు పడుతుంది. పిల్లలకు ఈ సంగతి మొదటిరోజే చెప్పండి, లేకపోతే గబగబా ఏదో ఒకటి నొక్కి 'ఎన్ని చేసినా అవట్లేదు సార్' అంటారు. మిశ్రమ భిన్నం కొట్టడంలోనూ తడబాటు ఉంది. 1 2/3 అన్నప్పుడు ఒకటికీ రెండుకీ మధ్య ఖాళీ వదలాలి. వదలకపోతే 12/3 అవుతుంది, లెక్క వచ్చినవాడికీ తప్పు పడుతుంది.

ఇంగ్లిష్ ప్రశ్నలకు తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు బెదురుతారు. కసాగు, గసాభా, లవం, హారం, చుట్టుకొలత, వైశాల్యం వంటి ముఖ్యమైన పదాలకు ఇంగ్లిష్ మాటలు రాసిన చార్టు గోడకు తగిలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్న బడి పుస్తకాలు చేతిలో ఉన్న పిల్లలు త్వరగా అందుకుంటారు. కోలిబ్రీలో తెలుగు ఎంచుకోవచ్చు. అయితే మారేది మెనూలూ బటన్లే, పాఠం కాదు. ఈ తేడా తెలియక తల్లిదండ్రులు తెలుగు పాఠాలు వస్తాయనుకుంటారు.

తెలుగు సరుకు కోసం కోలిబ్రీ స్టూడియో అనే వెబ్‌సైటులో సొంత ఛానెల్ తయారుచేసుకోవాలి. ఖాతా ఉచితం, మొదట 500 ఎంబీ జాగా ఇస్తారు, అడిగితే పెంచుతారు. వీడియోలు ఎంపీ4, పుస్తకాలు పీడీఎఫ్ లేదా ఈపబ్, ఆడియో ఎంపీ3. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉన్నాయి. పేర్లు పేర్కొంటే తిరిగి వాడుకోవడానికి లైసెన్సు ఒప్పుకుంటుంది. మొదటి తరగతుల వారికి ఇవే పెట్టండి, వాటితో పాటు మీ టీచరు గొంతుతో చదివిన ఆడియో జత చేస్తే ఇంకా మంచిది. మార్పులు చేశాక 'పబ్లిష్' నొక్కడం మరవకండి. నొక్కేదాకా ఆ మార్పులు సెంటర్ కంప్యూటర్‌కు దిగవు. సొంత ఛానెల్‌ను ఐదేసి అక్షరాల రెండు ముక్కలుండే టోకెన్ అనే కోడ్‌తో దించుకోవాలి.

పిల్లల ఖాతాలు ఒక్కొక్కటిగా కొట్టొద్దు, సీఎస్‌వీ (ఎక్సెల్ లాంటి పట్టిక) ఫైలుతో ఒకేసారి ఎక్కించండి. చిన్న పిల్లలకు పాస్‌వర్డ్ లేకుండా చేసే సెట్టింగు ఉంది, వాడుకోండి. సైన్ ఇన్ లేకుండా చూసే సౌకర్యం తల్లిదండ్రులకు చూపించడానికి బాగుంటుంది కానీ అలా చేసింది ఏదీ నమోదవదు.

ఇంటి దగ్గర చదువుకోవడానికి ఆండ్రాయిడ్ యాప్ ఉంది. నాన్న ఫోన్‌లో పిల్ల ఖాతాను సెంటర్ వైఫై మీద చేర్చుకుంటే, ఇచ్చిన పాఠాలు ఫోన్‌లోకి దిగుతాయి. మళ్లీ సెంటర్‌కు వచ్చినప్పుడు ఇంట్లో చేసిన పని దానంతటదే మన కంప్యూటర్‌కు చేరుతుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ఫోన్ వాడుకోవచ్చు. ఆలోచన చాలా గొప్పది. కూలికి వెళ్లే ఇళ్లలో ఫోన్ రాత్రి ఎనిమిదికి గానీ ఇంటికి రాదు, నెట్ ప్యాక్ అప్పటికే అయిపోయి ఉంటుంది. అలాంటి ఇంటికి ఇది నిజంగా పనికొస్తుంది. కానీ 32 జీబీ ఫోన్లలో జాగా ఉండదు, బ్యాటరీ పొదుపు పేరుతో ఫోనే యాప్‌ను మధ్యలో ఆపేస్తుంది. ఆ యాప్‌కు బ్యాటరీ నియంత్రణ తీసేయాలి. వీడియోలు తగ్గించి అభ్యాసాలే ఎక్కువ ఇస్తే జాగా సమస్య చాలావరకు పోతుంది.

హెడ్‌ఫోన్లు పిల్లకొకటి ఉండాలి, పగిలేవాటి కోసం కొన్ని ఎక్కువే కొనండి. హెడ్‌ఫోన్లు లేకుండా పాతికమంది వీడియోలు పెడితే ఆ గదిలో ఎవరికీ ఏమీ వినిపించదు.

అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మెయిల్‌కి లింకు పంపి మార్చుకునే వీలు లేదు. అప్‌డేట్లు వేసవి సెలవుల్లోనే, సెంటర్ కంప్యూటర్‌కూ ఫోన్లకూ ఒకేసారి. వెర్షన్లు వేరైతే రెండింటి మధ్య సమాచారం మార్చుకోవడంలో (సింక్‌లో) తేడాలొస్తాయి. అప్‌డేట్‌కు ముందు డేటాబేస్ బ్యాకప్ కమాండ్ ఇచ్చి, వచ్చిన ఫైలును వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. మామూలు రోజుల్లో కూడా వారానికోసారి ఇది చేయాలి. పాఠాలు పోతే మళ్లీ దించుకోవచ్చు, పిల్లల ఏడాది పని పోతే మళ్లీ రాదు.