75 జీపీడీ ఆర్ఓ మెంబ్రేన్ రివ్యూ: 4/5, ఆ ఒక్క స్టార్ క్లోరిన్ వల్ల పోయింది

ఇది ప్యూరిఫైయర్ మొత్తానికి రివ్యూ కాదు, లోపల ఉండి నీళ్లలో కరిగిన ఉప్పుని ఆపే ఆర్ఓ (రివర్స్ ఆస్మోసిస్) మెంబ్రేన్‌కి మాత్రమే. 75 జీపీడీ అంటే రోజుకి 75 గ్యాలన్ల నీళ్లు. ఇళ్లలో వాడే మామూలు 1812 సైజు, ప్యాకెట్ మీద టీఎఫ్‌సీ అని ఉంటుంది చూడండి, థిన్ ఫిల్మ్ కాంపోజిట్, అదే.

పాతది మార్చినప్పుడు పారేయకుండా కోసి విప్పి చూశా. మధ్యలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ చుట్టిన షీట్లు, షీట్ల మధ్య ప్లాస్టిక్ జాలీ. అయితే చేతికి మందంగా తగిలేది అసలు ఫిల్టర్ కాదు, అది పాలిస్టర్ గుడ్డ. దాని మీద పాలీసల్ఫోన్ పొర ఉంటుంది, ఓ 40-50 మైక్రాన్లు. పాలీసల్ఫోన్‌ని డీఎంఎఫ్ లాంటి సాల్వెంట్‌లో కరిగించి గుడ్డ మీద పల్చగా పరిచి నీళ్లలో ముంచుతారు, సాల్వెంట్ నీళ్లలోకి పోతుంది, నీళ్లు లోపలికొస్తాయి, పాలిమర్ అక్కడికక్కడే గట్టిపడి సన్న రంధ్రాలతో స్పాంజిలా మిగుల్తుంది. యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్) మెంబ్రేన్లు కూడా చాలావరకు ఈ పద్ధతిలోనే చేస్తారు, అవి బ్యాక్టీరియాని ఆపుతాయి గానీ కరిగిన ఉప్పుని ఆపలేవు.

ఉప్పుని ఆపే పొర ఆ పైన ఉంటుంది, నాకు బాగా నచ్చేది అక్కడి కెమిస్ట్రీయే. పాలీసల్ఫోన్‌ని ఎంపీడీ అనే డైఅమీన్ కలిపిన నీళ్లలో తడిపి, పైన హెక్సేన్‌లో కరిగించిన టీఎంసీ అనే యాసిడ్ క్లోరైడ్ పోస్తారు. నీళ్లు, హెక్సేన్ కలవవు కదా, ఆ రెండూ తగిలే చోట మాత్రమే రియాక్షన్ జరిగి సెకన్లలో పాలీఅమైడ్ తయారవుతుంది, హైడ్రోక్లోరిక్ యాసిడ్ బయటికొస్తుంది. పొర ఏర్పడగానే అమీన్ దాన్ని దాటి రావడం కష్టమైపోతుంది, కాబట్టి పెరుగుదల దానంతటదే ఆగిపోతుంది, అందుకే మందం 100-200 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. 1970ల చివర్లో జాన్ కాడాట్ అనే కెమిస్ట్ దీన్ని ఇలా చెయ్యొచ్చని చూపించాడు, నా దృష్టిలో అది అద్భుతం. అంతకుముందు, 1960 ప్రాంతంలో లోబ్, సౌరిరాజన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన సెల్యులోజ్ అసిటేట్ మెంబ్రేన్లే దిక్కు, వాటికి ఎక్కువ ప్రెషర్ కావాలి, పీహెచ్ పెరిగితే హైడ్రాలిసిస్ అయిపోయేవి.

పనితీరుకి ఫుల్ మార్కులు. కరిగిన లవణాల్లో 95 శాతం పైనే ఆపుతుంది. రియాక్ట్ అవ్వకుండా మిగిలిన యాసిడ్ క్లోరైడ్లు నీళ్లతో కార్బాక్సిల్ గ్రూపులుగా మారతాయి, మామూలు పీహెచ్‌లో వాటికి నెగటివ్ చార్జ్ ఉంటుంది, అయాన్లని ఆపడానికి అది కూడా సాయపడుతుంది. చార్జ్ లేని చిన్న అణువుల దగ్గర మాత్రం తడబడుతుంది, బోరిక్ యాసిడ్ కొంత దాటేస్తుంది, కార్బన్ డై ఆక్సైడ్ అయితే హాయిగా వెళ్లిపోతుంది.

ఇక స్టార్ ఎందుకు కోశానంటే, క్లోరిన్. కుళాయి నీళ్లలో ఉండే ఫ్రీ క్లోరిన్ అమైడ్ నైట్రోజన్ మీది హైడ్రోజన్ స్థానంలో కూర్చుంటుంది, తర్వాత బెంజీన్ రింగ్ మీదకి కూడా చేరుతుంది, దాంతో గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు తెగిపోయి పొర వదులైపోతుంది. 1 పీపీఎం క్లోరిన్ తగుల్తూ ఉంటే 200 నుంచి 1000 గంటల్లో దెబ్బ తెలుస్తుంది, 1000 గంటలంటే ఆరు వారాలే. నేను తీసుకున్నదాని ప్యాకెట్ మీద ఈ సంగతి ఒక్క ముక్క లేదు!! మెంబ్రేన్ ముందున్న కార్బన్ ఫిల్టర్‌ని రుచి కోసం, వాసన కోసం అని చెప్తారు గానీ మెంబ్రేన్ బతికేది దానివల్లే, దాన్ని టైముకి మార్చకపోతే ఎంత మంచి మెంబ్రేన్ వేసినా దండగే.

తేడా పట్టడం కూడా చెప్తా. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) పెరిగి నీళ్లు మాత్రం ధారాళంగా వస్తుంటే క్లోరిన్ దెబ్బని అనుమానించండి, అది బాగవదు, మార్చాల్సిందే. ధార తగ్గిపోతే కాల్షియం కార్బొనేట్ పేరుకుని ఉండొచ్చు, సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే చాలావరకు కరుగుతుంది. చలికాలంలో ధార తగ్గితే మాత్రం కంగారు పడొద్దు, డిగ్రీకి దాదాపు 3 శాతం తేడా వస్తుంది, 75 జీపీడీ అనే లెక్క 25 డిగ్రీల దగ్గర కట్టింది.

కొత్తది బిగించాక మొదటి నీళ్లు పారబోయండి, కొన్నిటిని పాడవకుండా సోడియం బైసల్ఫైట్ వేసి ప్యాక్ చేస్తారు. ఒకసారి తడిపిన మెంబ్రేన్‌ని మళ్లీ ఎండనివ్వకండి, రంధ్రాలు ముడుచుకుపోయి ధార పడిపోతుంది.