ప్రీడాక్ వేటలో ఎన్‌బీఈఆర్ జాబితా: 5కి 4

కాలేజీలో బిహేవియరల్ ఎకనామిక్స్ (మనుషులు నిజంగా ఎలా నిర్ణయాలు తీసుకుంటారో చూసే ఆర్థికశాస్త్రం) ప్రొఫెసర్ దగ్గర సర్వేలు, డేటా శుభ్రం చేయడం లాంటివి చేసి, ఇప్పుడు పీహెచ్‌డీ మీద కన్నున్నవాళ్లు చాలామంది ముందు ఏడాదో రెండేళ్లో ప్రీడాక్‌గా, అంటే పీహెచ్‌డీకి ముందు రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేస్తారు. అమెరికాలో ఆ ఖాళీల కోసం నేను వాడింది ఎన్‌బీఈఆర్ (నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ అనే అమెరికా పరిశోధన సంస్థ) వెబ్‌సైట్‌లోని జాబితా. ఉచితం, పైగా తమవే కాకుండా వేరే యూనివర్సిటీల ప్రకటనలూ పెడతారు. వీసా సంగతి మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే, మనవాళ్లకు అదే పెద్ద టెన్షన్. ఒకచోటికి నాలుగు రోజులు కూర్చుని స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వాళ్లిచ్చిన డేటా టెస్ట్ చేసి పంపితే, కాదనైనా ఒక్క ముక్క రాయలేదు (అది జాబితా తప్పు కాదులెండి). పీహెచ్‌డీ వద్దనుకుంటే ఇక్కడ టైం వేస్ట్, న్యూయార్క్ ఐడియాస్42, 2010లో లండన్‌లో మొదలైన బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్ లాంటి, ఈ శాస్త్రాన్ని ఆచరణలో పెట్టే సంస్థల్లో నేరుగా వెతకండి. ఇండియాలో ఫీల్డు పని కావాలంటే పేదరికంపై పరిశోధన చేసే జే-పాల్ సౌత్ ఏషియా.